గూడ్సు బండిని నమ్ముకున్న మా మామ

మొన్న కోదాడలో మా పుట్టింట్లో కూర్చుని ఉల్లిపాయలు తరుగుతున్నాను. టీవీలో వార్తలు చదివే అమ్మాయి, గూడ్సు రైళ్ళలో సరుకు రవాణా బాగా పెరిగిందనీ, అంటే దేశంలో వ్యాపారాలు పుంజుకుంటున్నట్టేననీ నిపుణులు చెబుతున్నారంది. నాకు ఒక్కసారిగా నవ్వు ముంచుకొచ్చింది. మా తమ్ముడు ఫోన్‌లోంచి తలెత్తి, "ఏంటక్కా, ఉల్లిపాయలు తరుగుతూ నవ్వే మనిషిని నిన్నే చూస్తున్నా" అన్నాడు.

నవ్వక ఏం చెయ్యను? ఆ నిపుణులెవరో నాకు తెలియదుగానీ, వాళ్ళు చెప్పిన ముక్క మిర్యాలగూడలో మా అత్తారింట్లో రోజూ వినబడేదే. మా మామ చెప్పేవాడు. నిపుణులు చెబితే టీవీలో వేస్తారు. మా మామ చెబితే మా అత్తమ్మ, "ఇగ చాలుగని, నీళ్ళు కాగినయి, తానం చెయ్యిపో" అనేది. ఆయన పోయి ఏడాది దాటింది. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. చెబుతాను. కానీ ఆయన తిక్క చెప్పకుండా ఆయన మంచి చెప్పడం నావల్ల అయ్యే పని కాదు.

ఆయనను నేను మొదటిసారి చూసింది నా పెళ్ళిచూపుల్లో. పిల్లను చూడటానికి వచ్చిన మామగారు ఏం అడుగుతాడు? ఏం చదివావు, వంటొచ్చా, మహా అయితే ఒక పాట పాడు. ఈయన టీ గ్లాసు కింద పెట్టి, "మీ కోదాడకు రైలు ఎంత దూరముంటది బిడ్డా?" అన్నాడు. "మా ఊళ్ళో రైలు లేదండి. బస్సులు మాత్రం బోలెడున్నాయండి" అన్నాను. ఆయన నావైపు జాలిగా చూసి, "అది నీ తప్పు కాదులే" అన్నాడు. పక్కగదిలో మా అమ్మ మా నాన్న చెవిలో, "అబ్బాయి సంగతి సరేనండీ, ఈయన సంగతి కూడా ఎవరినైనా అడిగి చూడండి" అందట. ఎవరినడిగారో, వాళ్ళేం చెప్పారో నాకు తెలియదు. పెళ్ళయితే అయింది.

విచిత్రమేమిటంటే, ఆయన పుట్టిన సూర్యాపేటకు కూడా రైలు లేదు. పైగా ఉద్యోగమంతా బస్సు కండక్టరుగా చేశాడు. రోడ్డు మీద తిని రోడ్డు మీద బతికిన మనిషి. మిర్యాలగూడ డిపోకు బదిలీ అయి, రైల్వే గేటు పక్కన చవగ్గా వస్తే స్థలం కొని ఇల్లు కట్టుకున్నాడు. ఆ ఇంట్లో దిగిన మర్నాడు పొద్దున్నే పళ్ళు తోముకుంటూ వాకిట్లోకి వచ్చేసరికి ఎదురుగా బియ్యం బస్తాల గూడ్సు బండి పోతోందట. తోముడు ఆపి అలాగే నిలబడిపోయాడట. మా అత్తమ్మ ఈ కథ చెప్పి, "గా దినం సంది ఇప్పటిదాక నోరు కడుక్కోలే" అని ముగించేది.

బస్సును ఎందుకు నమ్మడో, గూడ్సును ఎందుకు నమ్ముతాడో ఆయన దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. "బస్సుల మనుషులెక్కుతరు బిడ్డా. మనుషులు అబద్ధాలాడ్తరు. మీసాలొచ్చిన పిలగాన్ని ఒళ్ళె కూసోబెట్టుకోని అర టికెట్ కొట్టుమంటరు. గూడ్సుల సరుకెక్కుతది. సరుకు అబద్ధమాడదు." ఈ మాట అన్నాక చేతిలో టికెట్ల కట్ట ఉన్నట్టే బొటనవేలితో చూపుడువేలిని ఒకసారి రుద్దుకునేవాడు. రిటైరై ఎన్నేళ్ళయినా ఆ వేలి అలవాటు పోలేదు.

కాబట్టి పేపరు అక్కర్లేదు, టీవీ అక్కర్లేదు, మంత్రులు ఏమన్నా అక్కర్లేదు. గేటు పక్కనున్న పిట్టగోడ మీద కూర్చుని ఆయన బండి చూసి దేశం సంగతి చెప్పేవాడు. డబ్బాలు లెక్కపెట్టేటప్పుడు ఎవరూ పలకరించకూడదు. పలకరిస్తే లెక్క తప్పుతుంది. మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టుకుంటానంటే బండి ఆగదు కదా! అప్పుడు పలకరించిన మనిషిని గుర్రుగా చూసి, "శానానే ఉన్నయి తియ్యి" అని సర్దుకునేవాడు. దేశం ఆ పూటకు బాగున్నట్టు లెక్క.

పాత సంగతులు కూడా ఆయనకు ఏళ్ళ పేర్లతో గుర్తుండేవి కావు, సరుకు పేరుతో గుర్తుండేవి. మా ఆయన ఎప్పుడు పుట్టాడని అడిగితే, "సాగర్ కాల్వ నిండ నీళ్ళొచ్చి, బియ్యం బండ్లు ఒకదానెనక ఒకటి పోయిన ఏడు. గందుకే గట్ల బొద్దుగున్నడు" అనేవాడు. మా ఆడపడుచు, వానల్లేక కాలం కాక గూడ్సు షెడ్డులో మేకలు పడుకున్న ఏడాది పుట్టిందట. గందుకే సన్నగా ఉందట. ఊళ్ళో ఇళ్ళన్నీ డాబాలైంది సిమెంటు బండ్లు తెగ తిరిగిన ఏడట. పొలాలకు మందు బస్తాల బండి ఆలస్యంగా వచ్చిన ఏడు పంట దెబ్బతిన్నదట, ఆ ఏడే వాళ్ళ పెద్దన్న తాగుడు మొదలుపెట్టాడట. నా పెళ్ళి ఏ బండ్ల కాలంలో జరిగిందని ఒకసారి అడిగాను. కాసేపు ఆలోచించి, "బొగ్గు" అన్నాడు. ఇంకేమీ అడగబుద్ధి కాలేదు.

ఇంట్లో ఉన్నప్పుడు బండి కనబడదు కాబట్టి దానికో ఏర్పాటు చేసుకున్నాడు. వంటింటి షెల్ఫులో స్టీలు గ్లాసులుండేవి. అవి గలగలమంటే నిండు బండి. కిటికీ రెక్క మాత్రమే కదిలితే ఖాళీ బండి. ఇది ఎంతవరకు నిజమో ఆ దేవుడికే తెలియాలి. ఆయన మాత్రం మంచంలోంచే, "నిండుది పోయింది" అనేవాడు. ఎవరు కాదంటారు?

ఒకసారి మామ కాలు బెణికి, గేటుకు పోలేక ఇంట్లోనే ఉన్నప్పుడు మా అత్తమ్మకు విసుగొచ్చింది. "పొద్దుగూకులు గీ గ్లాసుల లొల్లి ఏందే" అంటూ నా పాతచీర ఒకటి తీసుకుని, మడతపెట్టి షెల్ఫులో పరిచి, గ్లాసులు దానిమీద బోర్లించింది. మామకు చెప్పలేదు. నేనూ చెప్పలేదు. అంతే, ఆ రోజు నుంచి మామ మొహం దిగాలు. అన్నం సరిగ్గా తినడు. ఎన్నడూ ముట్టని పేపరు తిరగేసి విసిరికొడతాడు. మా ఆయన కొత్త ఫోన్ కొంటానంటే, "ఇప్పుడు కొనకురా. దినాలు బాగలేవు. అన్నీ ఖాళీ బండ్లే పోతున్నయి" అన్నాడు. వారం గడిచేసరికి గల్లీలో సగంమంది దేశానికి ఏదో ముంచుకొస్తోందని భయపడ్డారు. చివరికి పాలవాడు కూడా మా గుమ్మంలో నిలబడి, "ఏందమ్మా, పరిస్థితి మంచిగ లేదంట గదా" అని అడిగితే, అత్తమ్మ లోపలికెళ్ళి ఆ చీర లాగిపారేసింది. ఆ మధ్యాహ్నమే దేశం కోలుకుంది. మామ రెండోసారి పెరుగన్నం అడిగి మరీ తిన్నాడు.

ఇదంతా నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది. నా బతుకు ఆ గేటు దగ్గర ఇరుక్కునేదాకా నేనూ నవ్వుకున్నాను.

నేను పెళ్ళికి ముందే కోదాడలో కుట్టు నేర్చుకున్నాను. ఏదో చేతికుట్టు కాదు, కటింగు, డిజైన్ జాకెట్లు, మగ్గం పని, అన్నీ. మిర్యాలగూడ వచ్చాక వరండాలో మిషన్ వేసుకుని ఇరుగుపొరుగుకు కుట్టేదాన్ని. ఇరుగుపొరుగు అంటే తెలుసు కదా, "మనోళ్ళే గదా" అని నవ్వి జాకెట్ చంకలో పెట్టుకుని పోతారు. నాకు దుకాణం కావాలి. నా పేరుతో బోర్డు, నిలువుటద్దం, పరదా వేసిన చిన్న గది, రంగురంగుల దారపు ఉండలు గాజు బీరువాలో. కళ్ళు మూసుకుంటే కనబడేది నాకు. ఆ దుకాణానికి గది కూడా ఉంది. మామ రిటైరైనప్పుడు బజారులో ఒక షట్టరు గది కొన్నాడు. అందులో ఉన్న విత్తనాల కొట్టువాళ్ళు ఖాళీ చేసి వెళ్ళిపోయారు. గది ఊరికే పడి ఉంది. తాళంచెవి మామ మొలతాడుకు వేలాడుతోంది. కోడలిని, నేను వెళ్ళి అక్కడినుంచి ఎలా తీసుకోను?

మా ఆయన ఏదైనా "నాయననడుగు" అనే రకం. అడిగాను.

"జర ఆగు బిడ్డా" అన్నాడు మామ. "బండ్లు సన్నబడ్డయి."

"నా జాకెట్లకీ గూడ్సు బండికీ ఏంటి మామయ్యా సంబంధం?"

"గట్లనా? ఇను. వడ్లు మిల్లుకొస్తయి. మిల్లుల బియ్యమై బండెక్కుతయి. బండి కదిలితే మిల్లు షావుకారి చేతిల పైసలాడ్తయి. గాయన హమాలీకిస్తడు, లారీ డ్రైవర్‌కిస్తడు, రైతుకిస్తడు. గప్పుడు గాళ్ళ ఇంట్ల ఆడోళ్ళు జాకెట్ కుట్టిస్తరు. బండే కదలకపోతే జాకెట్ ఎవరు కుట్టిస్తరు? బండి ముందు, జాకెట్ ఎనక."

చెప్పిన తీరు చూస్తే కాదనడానికి లేదు. అదే నా కడుపుమంట. దసరాకు అడిగితే ఆగమన్నాడు. ఎండాకాలం యాసంగి వడ్లు వచ్చాక అడిగితే, వడ్లు వచ్చాయిగానీ బియ్యం ఇంకా బండెక్కలేదన్నాడు. శ్రావణమాసంలో, వేములపల్లి నుంచి ఒకామె పెళ్ళి జాకెట్లు తెచ్చి, కూర్చోడానికి చోటులేక మా వరండా మెట్ల మీద కూర్చుని కొలతలిచ్చి వెళ్ళింది. ఆ రోజు మళ్ళీ అడిగితే, "నిన్న పోయింది ఖాళీది" అన్నాడు. నేను మిషన్ మీద కత్తెర టక్కుమని పెట్టి లోపలికి వెళ్ళిపోయాను. రెండు రోజులు మాట్లాడలేదు. ఆయన గమనించాడో లేదో కూడా తెలియదు.

నాకు ఒక్కరు సాయం వచ్చారు. సూర్యాపేటలో మా అత్తమ్మ తమ్ముడికి హైవే మీద లారీ బుకింగ్ ఆఫీసు ఉంది. బాబాయి అంటాను. వాళ్ళ కొత్తింటి గృహప్రవేశానికి వెళ్ళినప్పుడు బాబాయి మామను పట్టుకున్నాడు.

"బావా, నువ్వింక గూడ్సు బండ్ల కాడనే ఉన్నవా? సరుకు సగం రోడ్డెక్కి ఎన్నేండ్లాయె! మిల్లు ముంగట లారీ నింపుతరు, కొన్నోని గోదాం ముంగట దించుతరు. నీ బండి పట్టాలు దిగి గోదాంకు వస్తదా? గూడ్సును సూసి బజారు సంగతి చెప్పుడు మీ నాయన కాలం ముచ్చట."

"లారీని ఎట్ల నమ్మాల్రా? పైన తాటిపత్రి కప్పుతరు. లోపలున్నదేందో ఎవనికి ఎరుక?"

"మరి నీ గూడ్సు డబ్బాలకు కిటికీలున్నయా?"

మామ తువ్వాల సర్దుకుని, "చప్పుడుంటది" అన్నాడు.

బాబాయి వదలలేదు. ఆఫీసు ముందు నీడలో కుర్చీ వేయించి, "కూసో బావా. జరసేపు లారీలు లెక్కపెట్టు. గప్పుడు చెప్పు బజారు మంచిగున్నదో లేదో" అన్నాడు. నేను కూడా పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నాను. నాకు ఇంతకన్నా మంచి అవకాశం దొరకదు. మామ వేళ్ళు ముడుస్తూ మొదలుపెట్టాడు. ఇటు హైదరాబాదు వైపు, అటు విజయవాడ వైపు, మధ్యలో బస్సులు, ట్రాక్టర్లు, కార్లు. ఒక లారీ వెళ్ళి హోటల్ ముందు ఆగింది. డ్రైవరు టీ తాగి, బండి తిప్పుకుని వెనక్కి వచ్చాడు. "గిది ఇందాకటిదే గదా? దీన్ని లెక్కల ఎయ్యాల్నా, తియ్యాల్నా?" అన్నాడు మామ. కాసేపటికి తల పట్టుకున్నాడు. మేము నిమ్మకాయ నీళ్ళు తాగించి లోపల పడుకోబెట్టాం.

"నియ్యతు, నీతి లేని బండ్లు" అని గొణిగాడు కళ్ళు మూసుకునే.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో, రోడ్డు కనబడకుండా మొహాన తువ్వాల కప్పుకుని కూర్చున్నాడు. మిర్యాలగూడ చేరి, ఇంటికి నడుస్తుంటే గేటు పడి ఉంది. ఎటూ తిరగకుండా, టీ కోసం ఆగకుండా, గూడ్సు బండి ఒక్క లైనుగా పోతోంది. మామ నా మోచెయ్యి పట్టుకుని, "సూడు బిడ్డా, మర్యాద అంటే గిది" అన్నాడు. నేను సూర్యాపేట దాకా మోసుకెళ్ళిన ఆశ అక్కడే చతికిలబడింది.

తర్వాత కరోనా వచ్చింది. అన్నీ మూసేశారు. బస్సులు లేవు, బడులు లేవు, మనుషుల రైళ్ళు లేవు. బజారులో అన్ని షట్టర్లూ దించి ఉన్నాయి. గల్లీ చివర పోలీసులు. మా ఆయన పనిచేసే మెకానిక్ షెడ్డు మూతపడి ఇంట్లోనే కూర్చున్నాడు. కానీ గూడ్సు బండ్లు ఆగలేదు. ఆగకపోవడం ఏమిటి, మనుషుల రైళ్ళు అడ్డం లేవు కదా, ఒకదాని వెనక ఒకటి పోతూనే ఉన్నాయి. మా గ్లాసులకు విశ్రాంతి లేదు. మామ డాబా మీద తలకు తువ్వాల చుట్టుకుని అటూ ఇటూ తిరిగేవాడు. కిందికి దిగేసరికి మొహం వెలిగిపోతూ ఉండేది.

ఒకరోజు మధ్యాహ్నం గబగబా మెట్లు దిగి వచ్చి, మొలతాడు నుంచి తాళంచెవి ఊడదీసి నా చేతిలో పెట్టాడు.

"ఇగ తెరువు దుకాణం."

"మామయ్యా! బయట కాలు పెడితే లాఠీతో కొడుతున్నారు. దుకాణం తెరవమంటారేంటి?"

"నా సర్వీసుల గిన్ని బండ్లు సూడలే. అన్నీ బియ్యం. అన్నీ నిండు. దేశం దౌడ్ తీస్తున్నది బిడ్డా!"

"ముసలోనికి ఎండ తాకింది" అంది మా అత్తమ్మ వంటింట్లోంచి. మా ఆయన గోడవైపు తిరిగి పడుకుని నవ్వాపుకుంటున్నాడు, మంచం ఊగుతోంది. నేను మాత్రం నవ్వలేదు. ఎన్నాళ్ళుగా అడిగిన తాళంచెవి, ఊరంతా తాళాలు వేసుకున్న రోజున వచ్చింది. అయినా గుప్పిట మూసుకున్నాను.

ఆ వారంలోనే రేషన్ ఇచ్చారు. మామ సంచి పట్టుకుని వెళ్ళాడు. సున్నంతో గీసిన గుండ్రాల్లో నిలబడి ఉంటే, ముందున్నాయన ఎవరో అన్నాడట: "గా బండ్లల్ల పోతున్నయి గివే పెద్దమనిషీ. ఫిరీ బియ్యం. పనుల్లేక పస్తులున్నోళ్ళకు అన్ని రాష్ట్రాలల్ల పంచుతున్నరు." మామ ఇంటికి వచ్చి, సంచి వంటింట్లో దించి, అక్కడే పీట మీద కూర్చున్నాడు. సంచిలోంచి గుప్పెడు బియ్యం తీసి చూస్తూ, "అమ్మినయి అనుకున్న బిడ్డా. పంచుతున్నరంట" అన్నాడు. ఆ గొంతు నేను అంతకుముందు వినలేదు. డాబా మీద తిరిగినన్నాళ్ళూ ఆయన బండి నిండింది చూశాడుగానీ, ఈసారి అది ఖాళీ ఇళ్ళకోసం నిండిందని ఆయనకు తట్టలేదు. ఊళ్ళో ఇంకెవరూ చేయలేని పొరపాటు అది. ఆటపట్టిద్దామని నోటిదాకా వచ్చింది, ఆయనను చూసి మింగేశాను.

పైగా నాకు నా భయం ఉంది. తాళంచెవి తిరిగి అడుగుతాడు. అడిగితే ఇవ్వాలి. చెంగు కొసన ముడివేసుకున్న తాళంచెవిని గట్టిగా పట్టుకుని నిలబడ్డాను. ఆయన నా చేతివైపు చూశాడు.

"కొట్టిన టికెట్ వాపస్ తీసుకోం బిడ్డా" అని లేచి వెళ్ళిపోయాడు.

అన్నీ తెరిచాక నా దుకాణమూ తెరిచాను. బోర్డు, అద్దం, పరదా, గాజు బీరువా, అన్నీ నేను కళ్ళు మూసుకుని చూసినట్టే వచ్చాయి. జనమే రాలేదు. చేతిలో డబ్బులు లేని రోజులు. పెళ్ళిళ్ళు కూడా పదిమందితో కానిచ్చేస్తున్నారు. ఉన్నవాళ్ళు ఫోన్‌లో రెడీమేడ్ తెప్పించుకుంటున్నారు. సెలవు పెడితే వచ్చే ఒక్కరూ పోతారేమోనని ఆదివారాలు కూడా తెరిచి, పొద్దున్న వెళ్ళి చీకటి పడ్డాక వచ్చేదాన్ని. కొన్నాళ్ళు ఓపిక పట్టాను. ఒక రాత్రి అన్నాల దగ్గర మా ఆయనతో, "ఈ నెల చూసి షట్టరు ఎవరికైనా అద్దెకిచ్చేద్దామండీ. నావల్ల కావట్లేదు" అన్నాను. మా ఆయన తలూపాడు. మామ తలెత్తలేదు. చారు పోసుకుని, కలుపుకుని, తిని, చెయ్యి కడుక్కున్నాడు.

మర్నాటి నుంచి నా మధ్యాహ్నం క్యారేజీ మామ తేవడం మొదలుపెట్టాడు. అప్పటిదాకా నేనే పొద్దున్న కట్టుకెళ్ళేదాన్ని. "సల్లకూడెందుకు, నేను తెస్త" అన్నాడు. ఎండలో నడిచి వచ్చి, స్టూలు మీద కూర్చుని, చెమట తుడుచుకుని, మొదటి మాటగా బండి సంగతి చెప్పేవాడు. "పొద్దుగాల నిండుది పోయింది బిడ్డా. మాపటికి గిరాకీ వస్తది." "ఇయ్యాల బియ్యం. రేపో ఎల్లుండో మిల్లుల కూలీ పంచుతరు, సూడు." నాకు నవ్వొచ్చేది. అయినా, పిచ్చిదాన్ని, ఆయన వెళ్ళాక షాపు ముందు నీళ్ళు చల్లి, బొమ్మకు తొడిగిన జాకెట్ మార్చి, గుమ్మంవైపు చూస్తూ కూర్చునేదాన్ని. షట్టరు అద్దెకిచ్చే మాట ఆ నెల ఎత్తలేదు. మరో నెల కూడా ఎత్తలేదు. ఎప్పుడో దుకాణం కుదురుకుంది. ఈ రోజు నా దగ్గర ఇద్దరు ఆడపిల్లలు పని చేస్తున్నారు. కానీ నేను చెప్పదలచుకున్నది అది కుదురుకోని రోజుల మాట.

ఆ రోజుల్లోనే ఒకసారి నాకు జ్వరం వచ్చి ఇంట్లో పడుకున్నాను. పొద్దెక్కింది. ఇల్లంతా ఏదో వెలితిగా అనిపించింది. ఏమిటా అని ఆలోచిస్తే, చప్పుడు లేదు.

"అత్తమ్మా, ఇవాళ బండ్లు రాలేదేంటి?"

"ఇయ్యాలేంది?" అంది అత్తమ్మ బియ్యం ఏరుతూ. "పట్టాల పని నడుస్తున్నది గదా. పొద్దుగాల సంది మాపటీలి దాక ఒక్క బండి లేదు. నెల దాటింది. నా పానం ఎంత సుకంగున్నదో! మీ మామనే, పిచ్చోడు, బండి లేకున్న గేటు కాడికి పోయి గంటసేపు ఒక్కడే కూసోని, క్యారేజీ యాళ్ళకు లేచొస్తుండు."

నేను దుప్పటి మొహం మీదికి లాక్కున్నాను. నవ్వొచ్చింది. నవ్వుతుండగానే ఏడుపొచ్చింది. ఆ మనిషి అర టికెట్ కోసం ఊరందరితో దెబ్బలాడినవాడు. పిల్లల మీద ఒట్టు వేసినా నమ్మనివాడు. నాకోసం రోజూ ఎండలో నడిచొచ్చి లేని బండిని నింపి పంపుతున్నాడు.

మర్నాడు జ్వరం తగ్గింది, దుకాణానికి వెళ్ళాను. మధ్యాహ్నం మామ క్యారేజీతో మెట్టెక్కాడు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు, తువ్వాలతో మెడ తుడుచుకున్నాడు.

"రెండు పోయినయి బిడ్డా ఇయ్యాల. రెండూ నిండువే. రెండోది ఎంత బరువు మీద పోయిందంటే, గేటు కాడ నా కాళ్ళ కింద భూమి అదిరింది."

నేను మిషన్ తొక్కడం ఆపి ఆయన మొహంలోకి చూశాను. ఆయన రెప్ప వేయలేదు.

"అందుకేనా మామయ్యా! పొద్దున్నుంచి ఒకటే గిరాకీ. వచ్చేవాళ్ళు, పోయేవాళ్ళు, ఊపిరి తిప్పుకోనివ్వలేదనుకోండి" అన్నాను.

"సూసినవా? నేను చెప్పలే!" అని ఆయన తొడ మీద చరుచుకున్నాడు. క్యారేజీ మూత తానే తీసి, "తిను, తిను, మల్ల వస్తరు" అంటూ తువ్వాల భుజాన వేసుకుని హుషారుగా మెట్లు దిగి వెళ్ళిపోయాడు. పొద్దున్నుంచి ఆ గుమ్మం తొక్కింది ఆయనొక్కడే.